యాదియు జ్ఞాపకమును

తెలుగు వ్యాసములో "యాది" యను మాటను వ్రాసిన బాలుని కాగితముమీద ఎర్రగీత పడుట మన పాఠశాలలలో సాధారణము. గీతకు పైన "జ్ఞాపకము" అని దిద్దబడి యుండును. బాలుడు మరల ఆ మాట వ్రాయడు. ఇంటికడ అవ్వతో "యాది" యనును. బడిలో "జ్ఞాపకము" అనును. కొంతకాలమునకు మొదటి మాటను పదిమందిలో పలుకుటకే సిగ్గుపడును. ఈ దిద్దుబాటు న్యాయమైనదేనా యని చదువరులతో కలిసి విచారింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. ఆ గీతవలన భాషకు కలుగు మేలు లేదు. అది ఒక మాటను కొట్టివేయుటయే గాక, ఆ మాట యొక్కటియే చేయగల పనిని కూడ కొట్టివేయుచున్నది.

"యాది" పరభాషాపద మనునది మొదటి యాక్షేపణ. నిజమే. అది పారసీకమునందలి "యాద్" అను మాట. అయితే ఈ యాక్షేపణను కార్వానులో నిలువబడి చేయుట వింతగా నున్నది. కార్వాను అను పేరే పారసీకము. బిడారమని దాని యర్థము. ఇంగ్లీషువారి "కారవాన్" కూడ ఈ పదమే. దానిని కుదించియే వారు "వ్యాన్" అనుచున్నారు. గోలకొండ కోటకును పురానాపూలునకును నడుమ నున్న ఈ పేటలో కుతుబ్‌షాహీల కాలమున వర్తకులు దిగెడివారు. వజ్రముల బేరము జరిగెడిది. సరకుతోపాటు మాటలును దిగినవి. దిగిన మాటలలో కొన్ని మరునాడే వెడలిపోయినవి. కొన్ని ఇల్లు కట్టుకొని నిలిచిపోయినవి. ఆ ప్రభువుల శాసనపత్రములు పారసీకమునందును తెలుగునందును వెలువడుచుండెడివి. ఒకే కాగితముమీద ప్రక్కప్రక్కన కూర్చున్న రెండు భాషలు ఒకదాని మాటలు మరియొకటి తీసికొనకుండుట ఎట్లు?

అంతియే కాదు. "యాది"ని కొట్టివేయు కలము అరబ్బీ పదము. ఆ గీత పడు కాగితము పారసీకపు "కాగజ్" నుండి వచ్చినది. వీనిని మనము కొట్టివేయుట లేదు. కొట్టివేసినచో వ్రాయుటకు ఏమియు మిగులదు. "యాద్" కుటుంబమునకు చెందిన మాట తెలంగాణమునందే గాక కోస్తాజిల్లాల పాత కచ్చేరీ కాగితములలోను కలదు. అచట జ్ఞాపకపత్రమునకు "యాదాస్తు" అని పేరు. కచ్చేరిలో చెల్లిన మాట అవ్వ నోట ఏల చెల్లదు? అధికారి వాడినప్పుడు పదమును, పామరుడు వాడినప్పుడు అపశబ్దమును అగుట వ్యాకరణమున కెక్కిన సూత్రము కాదు.

ఇక దిద్దిన మాటను పరిశీలింతము. "జ్ఞాపకము" సంస్కృతపదము. సంస్కృతమున దానికి తెలియజేయునది, సూచించునది యని యర్థము. వైయాకరణులు ఒక సూత్రమునందలి పదము వేరొక విషయమును సూచించినప్పుడు దానిని జ్ఞాపక మందురు. తెలుగునకు వచ్చి ఆ పదము తన పని మార్చుకొన్నది. తెలియజేయున దనుట పోయి, తెలిసినదానిని మరల మనస్సునకు తెచ్చుకొనుట యైనది. కన్నడ తమిళములలోను ఇట్లే జరిగినది. ఉత్తరదేశపు పండితుని యెదుట "నాకు జ్ఞాపకమున్నది" యన్నచో ఆయనకు వెంటనే బోధపడకపోవచ్చును. కావున ఎర్రగీతకు పైనున్న మాటయు, క్రిందనున్న మాటయు రెండును దూరమునుండి వచ్చినవే. ఒకటి ముందు వచ్చినది. ఒకటి తరువాత వచ్చినది. ముందు వచ్చిన బాటసారి సత్రము తనదే యనుట ధర్మము కాదు.

మరి ఈ యింట పుట్టిన మాటలు లేవా? ఉన్నవి. తలపు, గుర్తు అచ్చమైన తెలుగు మాటలు. పొన్నిగంటి తెలగనార్యుడు సంస్కృతపదము చొరకుండ "యయాతి చరిత్ర"ను అచ్చతెనుగున రచించి, ఇబ్రహీం కుతుబ్‌షా కొలువునందలి అమీనుఖానునకు అంకితమిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో మొదటిదిగా పేరొందిన గ్రంథమును కృతి గొన్నవాడు మహమ్మదీయ ప్రభువు. భాషాభిమానమునకును పరభాషాద్వేషమునకును గల భేద మీ యొక్క దృష్టాంతముచేతనే తేటపడుచున్నది.

మరపు కూడ మన మాటయే. మరచుట, మరుగుపడుట అనునవి చుట్టములు. మరచినది నశించినది కాదు, మరుగున నున్నది. తెర తొలగించినచో మరల కనబడును. స్మరించుటకు పొరుగిండ్లనుండి ఇన్ని మాటలు తెచ్చుకొన్న మన జనులు, మరచుటకు మాత్రము నిత్యవ్యవహారమున ఎవరినుండియు ఏమియు ఎరువు తెచ్చుకొనలేదు. తెలంగాణమున "యాది మరిచిన" అందురు. అం దొక పారసీకపదమును ఒక తెలుగు పదమును చేయి చేయి పట్టుకొని నడుచుచున్నవి. ఈ జంటను విడదీయుటకు ఎర్రగీతకు గల అధికారమేమి?

పుట్టుకను బట్టి మాటను త్రోసివేయరాదని యింతవరకు చెప్పితిమి. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఈ మాటలు పర్యాయపదములని నిఘంటువులు చెప్పుచున్నను, వాడుకలో ఒక్కటియు మరియొకదాని పని చేయదు. గుర్తనగా చిహ్నము. చెట్టుమీది గాటు గుర్తు. ముఖముమీది పుట్టుమచ్చ గుర్తు. ఆ చిహ్నముచేత మనిషిని పోల్చుకొనుట గుర్తుపట్టుట. గుర్తునకు కన్ను ఆధారము. తలపు అట్టిది కాదు. దానికి చిహ్నముతో పనిలేదు. మనస్సు తానై ఒకదానివైపు మరలుట తలపు. జరిగినదానిని తలచుకొందుము, జరుగవలసినదానిని కూడ తలపెట్టుదుము. జ్ఞాపకము విషయములకు సంబంధించినది. లెక్క, తేది, చేయవలసిన పని జ్ఞాపకముంచుకొందుము. "ఆ సంగతి నాకు జ్ఞాపకము చేయుము" అన్నచో, మరవకుండ హెచ్చరింపుమని యర్థము.

ఇప్పుడు "యాది"ని చూడుడు. "మీ అవ్వ నిన్ను యాది చేస్తున్నది" అని ఊరినుండి వచ్చినవాడు చెప్పును. ఈ వాక్యమున "యాది"ని తీసి "జ్ఞాపకము" పెట్టి చదువుడు. "మీ అవ్వ నిన్ను జ్ఞాపకము చేయుచున్నది" అన్నచో అర్థమే చెడినది. "గుర్తు చేయుచున్నది" అన్నచో నీవు ఎవరినో పోలియున్నావని తోచును. "తలచుచున్నది" అన్నచో కొంత దగ్గరకు వచ్చితిమి. కాని అవ్వ నిన్ను చూడగోరుచున్నదనియు, ఆ కోరికను నీకు చెప్పి పంపినదనియు అందులో లేదు. "యాది చేస్తున్నది" యనుటలో తలపు కలదు, ప్రేమ కలదు, పిలుపు కలదు. మూడు కలిసిన మాటను తీసివేసి, తేదీలను దాచుకొను మాటను దాని స్థానమున పెట్టుట దిద్దుబాటు కాదు, నష్టము.

ఒక్క మాటలో ఇన్ని పనులు చేరుటయు, ఒక్క పని అనేక పదములకు పంచబడుటయు మన భాషయందే జరిగినది కాదు. ఇతరదేశముల భాషలను చూచినచో మన మాటల విలువ మనకు మరింత స్పష్టముగా తెలియును. మనము బడిలో నేర్చు ఇంగ్లీషును, బంగాళాఖాతమునకు ఆవల పూర్వము సయామని పిలువబడిన దేశపు థాయి భాషను దృష్టాంతముగా తీసికొందము.

ఇంగ్లీషున "మెమరీ" యను నొక్క పదమే రెండు పనులు చేయుచున్నది. జ్ఞాపకముంచుకొను శక్తియు మెమరీయే. జ్ఞాపకమున నున్న సంఘటనయు మెమరీయే. తెలుగున మొదటిదానికి జ్ఞాపకశక్తి యనియు, రెండవదానికి జ్ఞాపకమనియు చెప్పుకొందుము. థాయి భాషయందును ఈ భేదము కలదు. వారు శక్తిని "ఖ్వామ్ చమ్" అనియు, గడచినదానిని గూర్చిన స్మృతిని "ఖ్వామ్ సోంగ్ చమ్" అనియు అందురు. ఇందు "సోంగ్" అనగా ధరించుట, నిలుపుట. మన యవధానులు "ధారణ" యను మాటలో నున్న భావము అక్షరాల ఇదియే.

ఇంగ్లీషున మనస్సునకు "మైండ్" అని పేరు. ప్రాచీనమైన ఇంగ్లీషున ఆ మాటకు జ్ఞాపకమనియే యర్థముండెను. మన "మతి"యు దానితో ఒకే మూలమునుండి పుట్టినది. మతిమరపు అన్నప్పుడు మతియనగా బుద్ధి మాత్రమే కాదు, జ్ఞాపకము కూడ. "రికలెక్ట్" అనగా చెదరినవానిని మరల ఏరి కూర్చుట. అన్నిటికంటె మనకు పనికివచ్చునది "రిమెంబర్" అను మాట. ఇంగ్లీషువాడు మిత్రునితో, మీ తండ్రిగారికి నన్ను "రిమెంబర్" చేయుమని చెప్పును. మీ తండ్రిగారికి నా నమస్కారములు తెలుపుమని దాని భావము. ఊరినుండి వచ్చినవానితో అవ్వ చెప్పి పంపు "యాది"కి ఇది ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. ఇంగ్లీషు తరగతిలో ఆ ప్రయోగమును సొంపైన నుడికారమని నేర్చుకొని, తెలుగు తరగతిలో అట్టి నుడికారమును తప్పని కొట్టివేయుచున్నాము.

థాయివారికి కూడ ఇట్టి మాట యొకటి కలదు. దూరముననున్న ఆప్తులకొరకు మనస్సు లాగినప్పుడు వారు "ఖిత్ థుంగ్" అందురు. "ఖిత్" అనగా తలచుట. "థుంగ్" అనగా చేరుట. తలపు పోయి ఆ మనిషిని చేరుకొనుట యని భావము. మూడు దేశముల జనులు ఒకరినొకరు ఎరుగకయే, ప్రేమతోడి తలపునకు ప్రత్యేకముగా ఒక పలుకుబడిని ఏర్పరచుకొనిరి. ఆ పలుకుబడి యొక్క అవసరము మానవస్వభావములోనే యున్నదని దీనివలన తెలియుచున్నది. తెలంగాణమున ఆ యవసరమును "యాది" తీర్చుచున్నది.

మాటలు ప్రయాణము చేసి అర్థము మార్చుకొనుటకు ఇంకొక చక్కని నిదర్శనము "స్మృతి". సంస్కృతమున స్మృతియనగా జ్ఞాపకము. ధర్మశాస్త్రములకును అదే పేరు. పాళీభాషలో అది "సతి" యైనది. బౌద్ధగ్రంథములతోపాటు ఆ మాట థాయి దేశమునకు పోయి, అచట మెలకువ, స్పృహ, నిబ్బరము అను అర్థములలో స్థిరపడినది. మన వాడుకయందలి, భార్య యను అర్థముగల సతీశబ్దము వేరు. మూర్ఛపోయిన వానిని గూర్చి థాయివారు "మోత్ సతి" యందురు, అనగా సతి అయిపోయినదని. మొదట ఇది వింతగా తోచును. కాని మనము చేయుచున్నదియు ఇదియే కదా! స్మృతితో పుట్టిన "స్మారకము" అను మాటను మనము రెండు తావుల వాడుచున్నాము. చనిపోయిన వారి పేర కట్టించు కట్టడమునకు స్మారకమందుము. మూర్ఛపోయిన వానికి స్మారకము తప్పినదందుము. జ్ఞాపకము పోయిన మనిషికి తెలివియే పోయినదని మన భాషయు థాయి భాషయు ఏకకంఠముగా చెప్పుచున్నవి. జ్ఞాపకము పరీక్షలకొరకు మాత్రమే ఉపయోగించు సాధనమని తలచు వారు ఈ మాటను గూర్చి కొంచెము ఆలోచింపవలెను.

ఇచట విద్యార్థులకు నేరుగా సంబంధించిన విషయమునకు వచ్చుచున్నాము. పాఠమును చూడక అప్పజెప్పుటను ఇంగ్లీషువారు హృదయముతో నేర్చుట యందురు. ఉర్దూవారు "జబానీ యాద్" అందురు. జబాన్ అనగా నాలుక. మనము కంఠస్థమనియు, నోటికి వచ్చుననియు అందుము. ఒకరు గుండెలోను, ఒకరు నాలుకమీదను, ఒకరు గొంతులోను పాఠమును దాచుకొనుచున్నారు. మనము పెట్టుకొన్న పేరులో మనల నుద్దేశించిన హెచ్చరిక యొకటి కలదు. గొంతులో నున్నది ఇంకను లోనికి దిగలేదు. పరీక్ష ముగిసిన మరునాడు అది నోటినుండియే వెడలిపోవును.

కంఠపాఠమును మేము నిందించుట లేదు. అది గొప్ప విద్య. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులును, శతావధానమున నూరుమందియు అడిగినవానికి ఇచ్చిన పద్యములను అవధాని కడపట వరుసగా అప్పజెప్పును. ఆ ఘట్టమునకు ధారణ యని పేరు. ఖురానును ఆద్యంతము మనస్సున నిలుపుకొన్నవానిని "హాఫిజ్" అందురు. కాపాడువాడని ఆ యరబ్బీ పదమునకు అర్థము. ధరించుట, కాపాడుట అను రెండు భావములును బరువును సూచించుచున్నవి. విలువగలదానిని ప్రేమించి మోయువాడే ధారణ గలవాడు. తలపు లేని ధారణ మోత మాత్రమే. పరీక్షకొరకు బట్టీపట్టు విద్యార్థి మోయుచున్నాడు గాని, దేనిని కాపాడుచున్నాడో ఎరుగడు.

మన పేటనే ఉదాహరణముగా తీసికొందము. మూసీనదిపైని పురానాపూలు 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టబడెను. కార్వానులోని టోలీ మసీదును 1671లో, అబ్దుల్లా కుతుబ్‌షా యేలుబడిలో, మూసాఖాను కట్టించెను. ఈ రెండు సంవత్సరములను కంఠస్థము చేయుట జ్ఞాపకము. మసీదు గోపురములను దూరమునుండి చూచి మన పేట వచ్చినదని పోల్చుకొనుట గుర్తు. మక్కామసీదు నిర్మాణమునకు వ్యయమైన ప్రతి రూపాయికిని ఒక దమ్డీ చొప్పున మూసాఖానునకు ముట్టగా, ఆ సొమ్ముతో ఈ మసీదు లేచినదనియు, అందుచేతనే దీనికి దమ్డీ మసీదను పేరు కలిగినదనియు పెద్దలు చెప్పుదురు. ఆ కథను తాత మనుమనికి చెప్పుట యాది. తేదీ పుస్తకమున దొరకును. కథ మనిషికడనే దొరకును.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను పొట్టన పెట్టుకొన్నది. ఆనాడు ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నున్నది. వరద తరువాత నగరరక్షణకై ఉస్మాన్‌సాగరమును, హిమాయత్‌సాగరమును నిర్మించిరి. పరీక్షలో వరద సంవత్సర మడుగుదురు, చెరువుల పేర్లడుగుదురు. చింతచెట్టును గూర్చి అడుగువారు అరుదు. కాని ఏటేట సెప్టెంబరు 28వ తేదీన ఆ చెట్టుకడకు చేరి మృతులను స్మరించు నగరవాసులు కలరు. వారు చేయుచున్న పనికి ఏ పేరు పెట్టుదము? జ్ఞాపకమన్న చాలదు, గుర్తన్న చాలదు. వారు ఆ జనులను యాది చేయుచున్నారు.

ఒక న్యాయమైన ఆక్షేపణ మిగిలియున్నది. తెలుగువారు అనేక జిల్లాలలో, అనేక రాష్ట్రములలో ఉన్నారు. ఒక సీమ మాటను వేరొక సీమవారు గ్రహింపలేకపోవచ్చును. కావున వ్రాతకు అందరి కర్థమగు భాష ఒకటి యుండవలదా యని పెద్దలు అడుగుదురు. ఉండవలెను. ఈ వ్యాసమును మేము గ్రాంథికముననే వ్రాయుచున్నాము. దానిపై మాకు గౌరవము కలదు. కాని అందరికి తెలిసిన మాటను నేర్పుట వేరు. ఇంటి మాటను తప్పని చెప్పుట వేరు. మొదటిది విద్యార్థికి ఒక మాటను అదనముగా ఇచ్చుచున్నది. రెండవది ఉన్నదానిని ఊడబెరుకుచున్నది. అట్లు ఊడబెరుకబడిన మాటతోపాటు, ఆ మాటతో కథలు చెప్పిన అవ్వయందలి గౌరవము కూడ బాలుని మనస్సున కొంత తగ్గును. ఇది మేము అన్నిటికంటె ఎక్కువగా భయపడు నష్టము.

ఒక సీమ వ్రాతలను లెక్కకు రావనుట కొత్త కాదు. దానికి సమాధానము చెప్పుటయు కొత్త కాదు. తెలంగాణమున కవులు లేరను మాటకు బదులుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. అందు 354 మంది కవులకు చోటు దొరకినది. కవులు లేకపోలేదు, మరుగున నుండిరి. మరుగు తొలగించుటయే ప్రతాపరెడ్డిగారు చేసిన పని. అటుతరువాత సామల సదాశివగారు తమ గ్రంథమున కొకదానికి "యాది" యనియే పేరు పెట్టిరి. ఉర్దూ, పారసీక, సంస్కృతాంధ్రములు ఎరిగిన ఆ పండితునికి "జ్ఞాపకము" అను మాట తెలియక కాదు. 2011లో ఆయన "స్వరలయలు" గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అట్టి పెద్ద రచయిత పుస్తకపు అట్టమీద నిలిపిన మాట బాలుని కాపీపుస్తకమున ఏల నిలువరాదు?

కావున ఉపాధ్యాయులకు మా మనవి యిది. "యాది" కనబడినచోట గీత గీయక, ప్రక్కన "జ్ఞాపకము, తలపు, గుర్తు" అని వ్రాసి, ఈ నాలుగింటిలో నీవు చెప్పదలచినది ఏది యని బాలుని అడుగుడు. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుటలో అతడు భాషను నేర్చును. ఒక్కొక్కప్పుడు "జ్ఞాపకము" అనియే అతడు మార్చుకొనును. ఒక్కొక్కప్పుడు "యాది"యే ఉండవలెనని చెప్పును. రెండును అతని విద్యకు ఫలములే.

విద్యార్థులకు మా మనవి మరియొకటి. మీ యిండ్లలో పెద్దలు స్మరించుటకును మరచుటకును వాడు మాటలను ఒక కాగితముమీద వ్రాసికొనుడు. తెలుగైనను, ఉర్దూయైనను, మరాఠీయైనను, మార్వాడీయైనను సరియే. ఏ మాటను ఎవరిని గూర్చి, ఏ సందర్భమున పలికిరో కూడ వ్రాయుడు. మాటలు ఇప్పుడును నోళ్లలో నున్నవి. అడుగుటకు పెద్దలును ఉన్నారు. ఈ సెలవులలోనే ఆ పని మొదలుపెట్టుడు.